మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్

మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ (సంక్షిప్తంగా ఎం.ఎం.ఎస్.ఇ.) అనునది వృద్ధులలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, భాష మొదలైన మానసిక సామర్థ్యాల క్షీణతను స్థూలంగా గుర్తించడానికి వైద్యులు ఉపయోగించే ప్రశ్నావళి. దీనికి మొత్తం 30 మార్కులు. పరీక్ష సుమారు 10 నిమిషాలలో పూర్తవుతుంది. డిమెన్షియా ఉన్నదేమోనన్న అనుమానాన్ని ఇది బలపరచగలదు గాని, వ్యాధిని నిర్ధారించలేదు.

చరిత్ర

అమెరికాకు చెందిన మార్షల్ ఫోల్‌స్టీన్, సుసాన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ ఈ పరీక్షను రూపొందించి 1975లో ప్రచురించారు. అప్పటి మానసిక పరీక్షలు చాలా దీర్ఘమైనవి కావడంతో వృద్ధ రోగులు త్వరగా అలసిపోయేవారు. అందువలన మంచం ప్రక్కనే కూర్చుని అడుగదగిన కొద్ది ప్రశ్నలను వీరు ఎంపిక చేశారు. కాలక్రమంలో ఇది అనేక భాషలలోకి అనువదింపబడింది.

పరీక్షా విధానం

మార్కుల విభజన ఈ విధంగా ఉంటుంది.

* కాలస్పృహ: సంవత్సరం, ఋతువు, నెల, తేదీ, వారం – 5
* స్థలస్పృహ: ఉన్న చోటును, ఊరును, రాష్ట్రాన్ని చెప్పడం వంటివి – 5
* మూడు వస్తువుల పేర్లు విని వెంటనే తిరిగి చెప్పడం – 3
* ఏకాగ్రత, గణన: 100 నుండి ఏడేసి చొప్పున ఐదుసార్లు తీసివేయడం – 5
* ముందు చెప్పిన మూడు పేర్లను కొంతసేపటి తరువాత గుర్తు తెచ్చుకోవడం – 3
* భాష: చూపిన వస్తువుల పేర్లు చెప్పడం, విన్న మాటను తిరిగి పలకడం, మూడంచెల ఆదేశాన్ని పాటించడం, చదవడం, వ్రాయడం – 8
* ఒకదానినొకటి ఖండించుకొను రెండు పంచభుజులను చూచి గీయడం – 1

సాధారణంగా 24 కంటే తక్కువ మార్కులు వచ్చినచో తదుపరి పరీక్షలు అవసరమని భావిస్తారు.

చదువు ప్రభావం

ఈ పరీక్షలో మార్కులు మెదడు ఆరోగ్యంపైనే గాక, చదువుపై కూడా ఆధారపడతాయి. అమెరికాలో 18,056 మంది వయోజనుల వివరాలతో 1993లో వెలువడిన అధ్యయనం ప్రకారం, 9 సంవత్సరాలు లేదా అంతకు మించి చదివినవారి మధ్యస్థ మార్కు 29 కాగా, 5 నుండి 8 సంవత్సరాలు చదివినవారిది 26, నాలుగేళ్ళు లేదా అంతకంటే తక్కువ చదివినవారిది 22. అనగా బడికి వెళ్ళని ఆరోగ్యవంతుడు సైతం 24కు దిగువన ఉండవచ్చును. ఇందుకు భిన్నంగా, బాగా చదువుకున్న వ్యక్తి వ్యాధి తొలిదశలో ఉండి కూడా మంచి మార్కులు పొందవచ్చును. కావున అందరికీ ఒకే హద్దును వర్తింపజేయుట సరికాదు.

భారతీయ భాషలలో

కేవలం అనువాదంతో ఈ సమస్య తీరదు. మూలంలో తీసివేతలకు బదులుగా ఒక ఆంగ్ల పదం అక్షరాలను వెనుకనుండి చెప్పమని అడిగే పద్ధతి కూడా ఉన్నది. గుణింతాలు, ఒత్తులు కలిసి ఒక్కో అక్షరమయ్యే తెలుగులో అది అదే స్థాయి పరీక్ష కాజాలదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంత గ్రామీణ వృద్ధుల కొరకు రూపొందించిన హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ 1995లో ప్రచురింపబడింది. ఇందులో వాక్యం వ్రాయడానికి బదులుగా ఇంటి గురించి ఏదైనా చెప్పమంటారు. "కళ్ళు మూసుకోండి" అన్న వ్రాతను చదివించడానికి బదులుగా, పరీక్షకుడు తాను చేసినట్లు చేయమంటాడు.

హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఆడెన్‌బ్రూక్స్ పరీక్షను చదువుకున్నవారికి, నిరక్షరాస్యులకు వేర్వేరుగా తెలుగులో అనుసరించారు. ఇక్కడి 648 మంది డిమెన్షియా రోగులపై 2013లో వెలువడిన అధ్యయనంలో, రెండు లేక అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది. ఈ తేడా నిరక్షరాస్యులలోనూ కనబడింది.

పరిమితులు

వినికిడి, చూపు లోపాలు, ఆందోళన, ఆనాటి అస్వస్థత మార్కులను తగ్గించగలవు. మానసిక కుంగుబాటు, బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ లోపం వంటి చికిత్సకు లొంగే కారణాల వలన కూడా మతిమరుపు కలుగవచ్చును. తక్కువ మార్కులను వార్ధక్యానికో, అల్జీమర్స్ వ్యాధికో వెంటనే ఆపాదించినచో ఈ కారణాలు మరుగున పడిపోతాయి. తేలికపాటి క్షీణతను పట్టుకోవడంలో ఎం.ఎం.ఎస్.ఇ. బలహీనమైనది. ఇందుకై 2005లో ప్రచురింపబడిన మాంట్రియల్ పరీక్షను వాడుతున్నారు.

మార్కులతో పాటు రక్తపరీక్షలు, అవసరమైనచో మెదడు స్కానింగ్, దైనందిన పనులలో వచ్చిన మార్పులపై కుటుంబసభ్యులు చెప్పే వివరాలు కలిపి చూచిన పిమ్మటే వైద్యులు నిర్ణయానికి వస్తారు. ఒకే వ్యక్తికి కొంత వ్యవధి తరువాత పరీక్షను మరల జరిపి, పాత మార్కులతో పోల్చి చూచుట ఒక్కసారి వచ్చిన మార్కు కంటే ఎక్కువ ఉపయోగకరం.