ర్యాగింగ్ నేరాలు: శిక్ష, సంస్కరణ – చట్ట నిబంధనలు

హైదరాబాదు: కృష్ణానగర్, అమీర్‌పేట ప్రాంతాలలో చదువు నిమిత్తం వచ్చిన యువత వసతిగృహాలలో నివసించడం సాధారణం. ర్యాగింగ్‌కు పాల్పడిన విద్యార్థికి శిక్షా, సంస్కరణా అన్నది ప్రధానంగా వయస్సుపై ఆధారపడి ఉంటుంది.

1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణకూ వర్తిస్తోంది. విద్యాసంస్థల అనుబంధ వసతిగృహాలు, ట్యుటోరియల్ సంస్థలు దీని పరిధిలోనివే. అవమానపరచినందుకు 6 నెలల వరకు, తీవ్రంగా గాయపరచినందుకు 5 సంవత్సరాల వరకు, ఆత్మహత్యకు పురికొల్పినందుకు యావజ్జీవం లేదా 10 సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించవచ్చు. 6 నెలలకు మించి జైలుశిక్ష పడినవారికి మరే విద్యాసంస్థలోనూ ప్రవేశం లభించదు.

18 సంవత్సరాలు నిండనివారి విషయాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం మేరకు జువెనైల్ జస్టిస్ బోర్డు విచారిస్తుంది. కౌన్సెలింగ్, సామాజిక సేవ మొదలుకొని గరిష్ఠంగా 3 సంవత్సరాలు ప్రత్యేక గృహంలో ఉంచడం వరకు బోర్డు ఆదేశించవచ్చు. 16 సంవత్సరాలు నిండి, ఘోర నేరంలో వయోజనులుగా విచారణకు గురై దోషులుగా తేలినవారికి మినహా, బాలలకు నేరనిర్ధారణ మూలంగా కలిగే అనర్హతలు వర్తించవు. తిరిగి చదువుకునే అవకాశం వారికి మిగిలి ఉంటుంది.

బాధితుల రక్షణ బాధ్యత సంస్థాధిపతిది. ఫిర్యాదు ప్రాథమికంగా నిజమని తేలిన వెంటనే నిందితుని సస్పెండ్ చేయవలసి ఉంటుంది. చర్య తీసుకోని అధిపతిని నేరానికి ప్రోత్సహించినవారిగానే చట్టం పరిగణిస్తుంది.

విచారణలో ఉన్న బాలల పేరు, పాఠశాల, ఛాయాచిత్రం ప్రచురించడం నేరం.