కోసిగి, కోస్గి: గ్రామ లెక్కల ఏకరూపత – చారిత్రక పరిశీలన

కర్నూలు జిల్లా ఆదోని ప్రాంతంలో కోసిగి ఉంది. తెలంగాణలోని నారాయణపేట జిల్లాలో కోస్గి ఉంది. 1956 నుంచి 2014 వరకు ఈ రెండూ ఒకే రాష్ట్రంలోని ఊళ్లు. ఉచ్చారణలో భేదం స్వల్పం. ఆంగ్ల లిపిలోకి మారినప్పుడు అది కూడా తరచుగా చెరిగిపోతుంది. ఒక ప్రభుత్వ శాఖ సమాచారాన్ని మరొక శాఖ వినియోగించుకోవాలంటే ఊరి పేరు, భూమి కొలత, పత్రంలోని గడి ఇరువురికీ ఒకే అర్థాన్నివ్వాలి. ఈ ఏకరూపత ఎట్లా రూపొందిందో, అందులో ఎవరికి చోటు దక్కిందో ఈ రెండు ఊళ్ల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు సంప్రదాయాలు

1800లో నిజాం కంపెనీకి అప్పగించిన దత్త మండలాలలో ఆదోని ప్రాంతం ఒకటి. 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలం పొలాన్నీ కొలిపించి, సంఖ్య వేయించి, రైతువారీ శిస్తుకు పునాది వేశాడు. అంతకు పూర్వం ఊరి భూముల వివరం కరణం కవిలెలలో ఉండేది. మెకంజీ కైఫీయతులకు సైతం ఆ కవిలెలే ముఖ్యాధారం. పొలానికి సంఖ్య ఏర్పడటంతో ఊరిలోని లెక్కను దూరాన ఉన్న కచేరీ కూడా చదవగలిగింది. అయితే ఏ సంఖ్య ఎవరి సాగులో ఉందో వివరించేందుకు కరణం అవసరం తీరలేదు.

మద్రాసు పాలనలోని కోసిగిలో సాగు లెక్కకు అడంగల్ అని పేరు; ఎకరాకు 100 సెంట్లు. నిజాం పాలనలోని కోస్గిలో అదే లెక్క పహాణీ. ఎకరాకు 40 గుంటలు. అడంగల్ తమిళం నుంచి, పహాణీ మరాఠీ నుంచి వచ్చిన మాటలు. రెండూ తెలుగు రైతు నోట స్థిరపడినవే.

విలీనాలు, సమన్వయం

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లా నుంచి ఆంధ్ర రాష్ట్రంలో చేరాయి. ఆదోనితో పాటు కోసిగి కర్నూలు జిల్లాకు వచ్చింది. బళ్లారి, కర్నూలు రెండూ మద్రాసు పద్ధతినే అనుసరించినందువల్ల లెక్కల రూపంలో పెద్ద మార్పు అవసరం కాలేదు. 1956లో పరిస్థితి వేరు. ఒకే ప్రభుత్వం కింద రెండు కొలతలు చేరాయి. కాగితం మీద 2.20 అని ఉంటే కోసిగిలో అది 2 ఎకరాల 20 సెంట్లు. కోస్గిలో 2 ఎకరాల 20 గుంటలు, అనగా రెండున్నర ఎకరాలు. ప్రమాణం పేర్కొనకుండా అంకెను మాత్రమే పంపితే 30 సెంట్ల తేడా వస్తుంది.

1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. ఆ వ్యవస్థలోని ఆధిపత్యం, అక్రమాలు ఆ నిర్ణయానికి బలమైన కారణాలు. అయినా కాగితానికీ పొలానికీ మధ్య అర్థం చెప్పే మనిషి కూడా దానితోనే తొలగిపోయాడు. 1990ల తొలి ఏళ్లలో రెండు ప్రాంతాలకూ ఉమ్మడి గ్రామ లెక్కల విధానం ఏర్పడటం ఈ నేపథ్యంలో గమనించదగినది. మనిషి చెప్పవలసిన అర్థాన్ని ఇక పత్రమే చెప్పవలసి వచ్చింది.

సంకేతాల కాలం

కంప్యూటర్ల రాకతో పేరుకు బదులు సంకేత సంఖ్య ప్రధానమైంది. వ్యక్తి గుర్తింపునకు, భూభాగాల సంకేతీకరణకు కేంద్ర ప్రభుత్వం ఉమ్మడి డేటా ప్రమాణాలు రూపొందించింది. స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ ప్రత్యేక సంకేతం ఉంది. కోసిగికీ కోస్గికీ పొరపాటు పడే అవకాశం అక్కడ తీరిపోయింది.

2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య రేషన్ కార్డు పోర్టబిలిటీ ప్రారంభమైంది. వానలు లేని ఏడు హైదరాబాదుకు వలసపోయే కోసిగి కూలీకి ఇది ఆచరణలో అందిన ప్రయోజనం. ఇది సాధ్యం కావడానికి ఒక కారణం, కిలో బియ్యం ఎక్కడైనా కిలోయే. భూమి లెక్కకు ఆ సౌలభ్యం లేదు.

అడంగల్‌లో పట్టాదారు గడి, అనుభవదారు గడి వేరువేరు. ఉమ్మడి ప్రమాణంలో మొదటిది మాత్రమే మిగిలితే పంట పండించే కౌలు రైతు బ్యాంకు, బీమా, వ్యవసాయ శాఖల దృష్టికి రాడు. ఆంధ్రప్రదేశ్ 2011లో సాగుదారుల చట్టం చేసి, 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. పట్టాదారు గడి ఒక్కటే చాలదన్న అంగీకారం ఈ చట్టాలలో ఉంది. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణిలో అనుభవదారు గడి లేకపోవడం తీవ్ర వివాదమైంది. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది.

ముగింపు

మన్రో వేయించిన పొలం సంఖ్య మొదలు నేటి గ్రామ సంకేతం వరకు ప్రతి ప్రమాణమూ దూరపు కచేరీకి ఊరిని స్పష్టం చేసింది. ఏ గడి ఉండాలో, ఏది తొలగాలో నిర్ణయించడం సాంకేతిక విషయంగా కనిపించినా, అది హక్కుల విషయం. కోసిగి వంటి మెట్ట ప్రాంతంలో ప్రమాణాన్ని రూపొందించేవారు ఊరి సంకేతంతో పాటు అనుభవదారు అన్న మాటనూ, దాని అర్థాన్నీ నిలుపుకోవలసి ఉంది.