చిట్టి చేతుల కోసం పుట్టిన సంగీతం

పారిస్‌లో మోరిస్ రావెల్ అనే స్వరకర్త, స్నేహితుల పిల్లలు మిమీ, జాన్ వాయించుకోవాలని ఐదు పాత ఫ్రెంచి కథల ముచ్చట్లని పియానో మీదకి తెచ్చారు. పేరు ‘మా మేర్ ల్వా’. ఒకే పియానో, ఇద్దరు వాయించాలి. 1910లో మొదటి కచేరీలో వాయించింది కూడా ఇద్దరు చిన్నపిల్లలే.

ఒక కథలో దారి గుర్తుకని పిల్లవాడు చల్లిన రొట్టె ముక్కల్ని పిట్టలు తినేస్తాయి. సంగీతంలో ఆ కిచకిచలు వినిపిస్తాయి. 1911లో ఆర్కెస్ట్రాకి మార్చినప్పుడు సుందరికి క్లారినెట్, మృగానికి బొంగురు కాంట్రాబసూన్ ఇచ్చారు.

మాటల్లేవు, అయినా కథ తెలుస్తుంది. కన్నడ బడిలో చదివిన మాకు తెలుగు కథలు చెవిదారినే వచ్చాయి. అవ్వ పులికొక గొంతు, ఆవుకొక గొంతు పెట్టేది. మన పిల్లలకి తెలుగు చదవడం రాకపోయినా ఆ గొంతులు వినిపిద్దాం. అవి ఆగితే మన ఇళ్లలో కథే ఆగిపోతుంది.