తాబేలుకు పాఠం చెప్పిన పిల్లలు



కంప్యూటర్ ప్రోగ్రామింగ్ అంటే పెద్ద కాలేజీల వ్యవహారమని మనలో చాలామంది అనుకుంటాం. చరిత్ర చూస్తే సంగతి వేరు. బడిపిల్లల కోసమే ఒక కంప్యూటర్ భాష 1967లోనే అమెరికాలో తయారైంది. దాని పేరు లోగో. మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి పట్టణంలో సీమోర్ పేపర్ట్, వాలీ ఫర్జిగ్, సింథియా సాలమన్ మొదలైనవారు దాన్ని రూపొందించారు. 1968-69లో లెక్సింగ్టన్‌లోని ఒక బడిలో ఏడో తరగతి పిల్లలకు దీని సాయంతో లెక్కలు చెప్పారు.

పేపర్ట్ గారు అంతకుముందు జెనీవాలో పియాజే అనే మహాపండితుని వద్ద పనిచేశారు. పిల్లలు విని నేర్చేదానికన్నా చేసి నేర్చేదే ఎక్కువని ఆయన నమ్మకం.

కొన్నాళ్లకు లోగోకు 'తాబేలు' తోడైంది. అది నేలమీద పాకే చిన్న యంత్రం, దానికొక కలం. 'ముందుకు 100, కుడికి 90' అని నాలుగుసార్లు చెప్తే చతురస్రం గీస్తుంది. మరి త్రిభుజమో? కోణం 60 గదా అని పిల్లవాడు 'కుడికి 60' అంటాడు. మూడు గీతలు గీసినా మొదలూ చివరా కలవవు! ఆరుసార్లు చెప్తే షడ్భుజి వస్తుంది. అప్పుడు తానే తాబేలులా నడిచి చూసుకుంటాడు. తిరగవలసింది 120 అని తెలిసిపోతుంది.

ఇలాంటి తప్పుకు నేను ఎర్రసిరాతో సున్నా చుట్టి ఊరుకున్న రోజులు ఎన్నో ఉన్నాయి. ఆ సున్నా పిల్లవాడికి ఏమీ నేర్పలేదు. తాబేలు మాత్రం నేర్పింది. తప్పంటే సిగ్గుపడవలసింది కాదు, వెదికి దిద్దుకోవలసింది అని. యంత్రం పిల్లవాణ్ణి నడపకూడదు, పిల్లవాడే యంత్రాన్ని నడపాలని పేపర్ట్ 1980లో 'మైండ్‌స్టార్మ్స్' గ్రంథంలో వాదించారు.

మన దేశంలో 1984-85లో 'క్లాస్' పథకం కింద ఎంపికచేసిన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. 2007లో లోగో బాటలోనే 'స్క్రాచ్' ఉచితంగా వెలువడింది. 2012లో బ్రిటన్‌లో కోడ్ క్లబ్బులు మొదలయ్యాయి. బడి వదిలాక వారానికొక గంట, నేర్పేవారు వలంటీర్లు, ఫీజు లేదు.

మనమూ ఆ గంట ఇవ్వలేమా? ఇంగ్లీషు రాదని మా ఉర్దూ మీడియం పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, కంప్యూటర్ దగ్గరికి రావడానికే జంకుతారు. తాబేలుకు కావలసిన ఆజ్ఞలు నాలుగైదే. వాటి అర్థం ఉర్దూలో చెప్పొచ్చు, తెలుగులోనూ చెప్పొచ్చు. ఆదివారం ఒక గది, ఒకటి రెండు పాత కంప్యూటర్లు, చదువుకున్న మన యువకులు ఇద్దరు ముందుకొస్తే చాలు. మొదటి త్రిభుజం తప్పుగా వచ్చినా పర్వాలేదు. పాఠం అక్కడే మొదలవుతుంది.