ఇంటికాడ విప్పి బిగించుకున్న బండ్ల కథ

మన మంథని చుట్టుపక్కల ఊర్లల్ల రేకుల షెడ్ల కింద ఇంకా ఒకటో రెండో పాత మోపెడ్లు, రాజ్‌దూత్‌లు దుమ్ము పట్టి కనిపిస్తయి. పాత సామానోడికి కిలోల లెక్కన అమ్మే ముందు వాటి చరిత్ర ఒక్కసారి చదువుండ్రి. రైతు చేతికి పానా పట్టించిన బండ్లు అవి.

1960లల్ల ఎస్కార్ట్స్ వాళ్లు పోలండ్ నమూనా తీసుకొని రాజ్‌దూత్ 175 చేసిన్రు. ఫ్రాన్స్ మోటోబెకేన్ సాయంతోటి మన తిరుపతిల సువేగా మోపెడ్ తయారైంది. 1972ల పుణె కైనెటిక్ వాళ్ల లూనా, 1980ల హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చినయి. టీవీఎస్ 50 ఇద్దరు కూసునే మోపెడ్. ఇద్దరు కూసునే జాగా అంటే మనకు ఏందో మీకు తెలుసు: ఒక యూరియా బస్తా, లేకుంటే రెండు పాల క్యాన్లు.

ఇవన్నీ టూ స్ట్రోక్ ఇంజన్లు. వాల్వులు లేవు, క్యామ్ లేదు. లోపల ముఖ్యంగా తిరిగేవి, కదిలేవి మూడే: పిస్టన్, కనెక్టింగ్ రాడ్, క్రాంక్. ఆయిల్ పెట్రోల్లనే కలిపి పోస్తం. లీటరుకు 40 మిల్లీలీటర్లు అంటే 25 పాళ్లకు ఒక పాలు. బండిని బట్టి ఇది మారుతది. అందుకే నాలుగు పానాలు, ఒక ప్లగ్ స్పానర్ ఉంటే వాకిట్లనే పని అయ్యేది.

బండి స్టార్ట్ కాకుంటే వరుసగా చూసేది. ముందు ప్లగ్ విప్పాలె. తడిగుంటే పెట్రోలు ఎక్కువైంది, ఎండిపోయి ఉంటే పెట్రోలు అందుతలేదు. ప్లగ్‌ను క్యాప్‌కు తగిలించి, ఇంజన్ బాడీకి ఆనించి కిక్ కొడితే నీలం మంట రావాలె. అప్పుడు పక్కన పెట్రోలు ఉండొద్దు. మంట రాకుంటే పాయింట్లు గరుకు కాయితంతో తుడిచి, సందు దాదాపు 0.4 మిల్లీమీటర్లకు పెట్టాలె. మంట ఉండి, ప్లగ్ ఎండిపోయి ఉంటే కార్బురేటర్ జెట్ విప్పి గాలి కొట్టాలె. జెట్ల తీగ పొడవొద్దు, రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తాగుతది. ఇవన్నీ బాగుండి కూడా ఎత్తు ఎక్కకుంటే సైలెన్సర్ల మసి పేరుకున్నట్టే.

ఇంత ఓపిక ఎందుకంటే, ఆ కాలంల కొత్త బండి అంత సులువుగ దొరకలే. లైసెన్సుల రాజ్యం. ఏ కంపెనీ ఎన్ని బండ్లు చెయ్యాల్నో సర్కారు చెప్పేది. స్కూటర్‌కు పైసలు కట్టి ఏండ్లకేండ్లు ఎదురుచూసిన్రు. 1980ల మొదట్ల 100 సీసీ లోపు బండ్లకు విదేశీ కంపెనీలతో కలవనిచ్చిన్రు. ఏఎక్స్ 100, ఆర్‌ఎక్స్ 100, సీడీ 100, అన్నిటి పేర్లల్ల వంద ఎందుకు ఉందో ఇప్పుడు అర్థమైంది కదా. ఇక 1991 జూలై 24న చాలా పరిశ్రమలకు లైసెన్సు తీసేసినప్పుడు ప్రధాని పీవీ నరసింహారావు. 1957 నుంచి 1977 దాకా మన మంథని ఎమ్మెల్యే ఆయనే.

1985ల వచ్చిన సీడీ 100 ఫోర్ స్ట్రోక్. మైలేజీ ఎక్కువ, పొగ తక్కువ. టూ స్ట్రోక్‌ల కాలకుండ మిగిలిన పెట్రోలు, ఆయిల్ కొంత పొగతోటి బయటికే పోతది, ఆ మాట ఒప్పుకోవాలె. పొగ నిబంధనలు గట్టిపడేకొద్దీ అవి తగ్గినయి. 1996ల ఆర్‌ఎక్స్ 100 ఆగింది. 2015ల ఎక్స్‌ఎల్ 100 ఫోర్ స్ట్రోక్‌గా వచ్చింది. 2020 బీఎస్ 6 తోటి దానికి కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. గాలి బాగుపడింది, మంచిదే. కానీ సెన్సర్ పోతే గరుకు కాయితంతోటి బాగు కాదు. బండి షోరూంకు పోవాలె, ఆ రోజు కూలి పోవాలె.

పాత బండి ఉంచుకున్నోళ్లకు ఒక్క ముచ్చట. ఇప్పుడు పెట్రోల్ల 20 శాతం దాకా ఇథనాల్ ఉంటది. అది తేమను పీలుస్తది, పాత రబ్బరును దెబ్బతీస్తది. నెలల తరబడి నిలబెట్టే బండైతే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చెయ్యుండ్రి. పెట్రోలు పైపు, వాషర్లు మార్చుండ్రి.

ఈ ఎండాకాలం పని తక్కువున్న రోజు, మీ పిల్లగాళ్లను పక్కన కూసోబెట్టుకొని ఒక్క ప్లగ్ అన్న విప్పించుండ్రి. అది ఎందుకు నల్లబడ్డదో వాళ్లనే చెప్పనియ్యుండ్రి.