వేటకత్తి, దాని పదును

మా స్టూడియోలో ఒకమారు ఒక నాటకమునకు కత్తి నూరుతున్న చప్పుడు కావలసి వచ్చినది. భద్రపరచిన శబ్దాలలో ఎంత వెదికినను మనసుకు నచ్చినది దొరకలేదు. చివరకు వీధి వెంట సానచక్రము మోసుకొని పోతున్న ఒక పెద్దాయనను పిలిచి తెచ్చి మైకు ముందు కూర్చోబెట్టినాము. చేతికి కత్తి ఇచ్చీ ఇవ్వకముందే, "ఇది దేన్ని కోసే కత్తి బాబూ?" అని అడిగినాడు. నాటకములో ఆ సంగతి లేదు. కోసేదేదో చెప్పకుండా ఎట్లా నూరమంటారని ఆయన నిజముగానే చిరాకుపడినాడు. కూరలు తరిగే కత్తిపీటకు ఒక వాటమట, మంగలికత్తికి ఒకటట, కొబ్బరిబొండాలు కొట్టే కత్తికి వేరొకటట.

ఆ ప్రశ్న మమ్ములను విడువలేదు. మానవుడు కత్తితో చేసిన పనులలో బహుశః అన్నిటికన్న పాతదైన పనికి, అనగా వేటాడిన దుప్పిని అడవిలోనే కోసి, మాంసము చెడకుండా ఇల్లు చేర్చే పనికి, ఆ ప్రశ్నను వేసి చూడవలెనని తోచినది. మన దేశములో ఇది ఇప్పుడు చేయదగిన పని కాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత దుప్పిని వేటాడుట నేరము. కనుక శ్రోతలు దీనిని చరిత్రగానే వినవలెను.

దుప్పి నేలకు ఒరిగిన తరువాత వేటగానికి వ్యవధి తక్కువ. దట్టమైన వెండ్రుకలున్న తోలు లోపలి వేడిని బయటకు పోనీయదు. పొట్టలోని మేత పులియుచునే ఉండును. అందుచేత ఉదరము చీల్చి, లోపలి అవయవములు తీసివేసి, దేహమును త్వరగా చల్లబరుపవలెను. పెద్ద కత్తి చూచుటకు ఘనముగా ఉండును గాని ఈ పనికి పనికిరాదు. పైన తోలు, దాని క్రింద పలుచని కండపొర, ఆ పొరకు ఆనుకొని పొట్ట, పేగులు, మూత్రాశయము. మొన గింజెడు లోతు ఎక్కువ దిగినచో అందలి మలినము మాంసమునకు అంటును. నాలుగంగుళాల అలుగు చాలును. మొనను రెండు వ్రేళ్ళ నడుమ కాపాడుకొంటూ, వాదరను పైకి త్రిప్పి, లోపలినుండి బయటకు తోలును చీల్చుదురు. బయటినుండి లోపలికి కోసినచో రెండు నష్టములు: వెండ్రుకలు తెగి మాంసముపై పడును, ఆ వెండ్రుకలే వాదరను మొండి చేయును. కీళ్ళ దగ్గర ఎముకను నరుకక నరములను మాత్రము తెగకోయుదురు. వీటిలో ఏ ఒక్కటియు మొండి కత్తితో కాదు. మొండి కత్తికి బలము కావలెను. బలము పెట్టిన చేయి జారును.

ఇంత సున్నితమైన పనికి పూర్వులు ఎటువంటి కత్తిని ఎన్నుకొన్నారో ఊహించుకోవలసిన అవసరము లేకుండా, ఒక వేటగాడు తన కత్తితో సహా మన కంటబడినాడు. 1991 సెప్టెంబరు 19వ తేదీన ఆల్ప్స్ పర్వతాలలో, ఇటలీ ఆస్ట్రియా దేశాల సరిహద్దున, 3,210 మీటర్ల ఎత్తున, కరుగుతున్న మంచులో ఒక మానవదేహము బయటపడినది. ఈ మధ్యనే దారితప్పి చనిపోయిన పర్వతారోహకుడని మొదట భావించినారు. పరీక్షించి చూడగా ఆ మనిషి క్రీస్తుపూర్వము 3300 ప్రాంతమువాడు. మొహెంజొదారోలో ఇటుకల వీధులు వెలియుటకు కొన్ని వందల ఏండ్ల ముందటివాడన్న మాట. దగ్గరి ఓట్స్‌తాల్ లోయ పేరును బట్టి అతనికి ఓట్సీ అని ముద్దుపేరు పెట్టినారు. వయస్సు ఇంచుమించు 45 ఏండ్లు. 2018లో ప్రకటించిన పరిశోధన ప్రకారము అతని కడుపులోని చివరి భోజనము కొండమేక మాంసము, ఎర్ర దుప్పి మాంసము, ఒక విధమైన పాతకాలపు గోధుమ.

అతని సరంజామాలో అందరి చూపును ఆకర్షించినది రాగి గొడ్డలి. దాదాపు శుద్ధమైన రాగి అది. ఆ కాలములో అది ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. మమ్ము ఆలోచింపజేసినది మాత్రము దాని ప్రక్కనున్న చిన్న కత్తి. చెకుముకి రాతి అలుగు, ఆష్ అను చెట్టు కఱ్ఱతో పిడి, చెట్టునారతో అల్లిన ఒర. పిడితో కలిపి కొలిచినను జానెడు లేదు, 13 సెంటీమీటర్లు. లోహము చేతిలో ఉన్న మనిషి కత్తికి రాయిని ఎందుకు ఉంచుకొన్నాడు? రాగి వెనుకబడిన లోహమని కాదు. చెట్టు నరుకుటకు బరువు కావలెను, అందుకు రాగి సరిపోయినది. తోలు కోయుటకు కావలసినది సన్నని గట్టి అంచు. రాగి అంచు మెత్తన, త్వరగా వంగిపోవును. చెకుముకి పగిలినచోట ఏర్పడే అంచు రాగికి ఎన్నటికిని రాదు. మా సాన పెద్దాయన అడిగిన ప్రశ్నకు అయిదువేల ఏండ్ల క్రిందనే అతడు సమాధానము చెప్పి ఉంచినాడు.

అయితే చెకుముకిని సానమీద నూరరు. దాని పదును అరుగదీసి తెచ్చేది కాదు, పెచ్చులు లేపి తెచ్చేది. అందుకు కావలసిన సాధనము కూడ అతని వద్ద దొరికినది. చూచుటకు లావుపాటి పెన్సిలువలె ఉండును. పన్నెండు సెంటీమీటర్ల లిండెన్ కొమ్మముక్క. దాని నడిమి దూటలో నిప్పున గట్టిపరచిన దుప్పికొమ్ము పుల్లను దిగగొట్టినారు. బయటకు కనబడేది కొద్దిపాటి మొన మాత్రమే. ఆ మొనను రాతి అంచున ఆనించి గట్టిగా నొక్కినచో సన్నని పెచ్చు లేచివచ్చును. అట్లు వరుసగా నొక్కుకొంటూ పోయినచో మొద్దుబారిన అంచు తిరిగి కోయుటకు వచ్చును. కొమ్ము మొన అరిగినప్పుడు పెన్సిలును చెక్కినట్లు కఱ్ఱను చెక్కుకొనవలెను. పదునుపెట్టేదానికి కూడ పదును పెట్టుకొనుట!

దుప్పికొమ్మే ఎందుకన్నచో, అది గట్టిదై ఉండియు రాతివలె పెళుసు కాదు. రాతిని పట్టి నొక్కును గాని తాను విరుగదు. మన కృష్ణజింక కొమ్ము వేరు జాతిది, లోపల ఎముక మీద తొడుగువలె పెరుగును, జీవితాంతము ఉండును. దుప్పికొమ్ము పూర్తిగా ఎముక. ఏటేట రాలిపోయి మరల మొలచును. అందుచేత దుప్పిని చంపకుండానే కొమ్ము ఏరుకొనవచ్చును. ఏరిన కొమ్ముతో కత్తికి పదునుపెట్టి, ఆ కత్తితో దుప్పిని కోసిన మనుష్యులు వారు.

పెచ్చు లేచిన ప్రతిసారి రాయి కొంత తరిగిపోవును. ఎన్నిమార్లు పదునుపెట్టినదియు రాతి మీదనే వ్రాసి ఉండును, చదువగల కన్ను ఉండవలెను. 2018లో శాస్త్రజ్ఞులు ఓట్సీ రాతిపనిముట్లను సూక్ష్మదర్శిని క్రింద చదివినారు. కత్తి, ఒక గీకుడురాయి, ఒక బెజ్జము వేయు మొన, ఒక చిన్న పెచ్చు, రెండు బాణపు మొనలు: రాతితో చేసినవి అంతే. ఆ రాళ్ళు ఒకచోటివి కావు, దక్షిణాన ట్రెంటీనో ప్రాంతములోని వేరువేరు తావులనుండి వచ్చినవి. పనిముట్లు మాటిమాటికి పదునుపెట్టగా అరిగిపోయి, ఇక పారవేయదగిన దశకు దగ్గరపడినవి. కత్తి మొన విరిగి ఉన్నది. కొన్నిటికి అతడు మరణించుటకు కొద్దికాలము ముందే పదును పెట్టుకొన్నాడు. పెట్టిన తీరును బట్టి కుడిచేతి వాటమువాడని కూడ తెలిసినది. ఈ గుర్తులన్నిటిని బట్టి చాలాకాలముగా అతనికి క్రొత్త రాయి దొరకలేదని వారు నిర్ణయించినారు.

ఆ కుడిచేతి బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ లోతైన గాయమున్నది. చనిపోవుటకు కొన్ని దినముల ముందు తగిలినది. అమ్ములపొదిలో 14 బాణములుండగా రెండే పూర్తి అయినవి. ఎడమ భుజములో చెకుముకి బాణపు మొన దిగబడియున్నట్లు 2001లో ఎక్స్‌రే చిత్రములలో కనుగొన్నారు. అతని ప్రాణము తీసినది అదే. అరిగిన కత్తి, తెగిన చేయి, ముగియని బాణములు, వెనుక ఎవరో శత్రువు. చరిత్ర చదువునప్పుడు రాజుల జయాపజయములకన్న ఇటువంటి చిన్న సరంజామా పట్టికయే మమ్ము ఎక్కువగా కలచివేయును.

రాయి కరవైన ఈ చిక్కును తప్పించుకొనుటకు మన ప్రాంతపు పూర్వులు వేరొక ఉపాయము పన్నినారు. నంద్యాల జిల్లా జ్వాలాపురములోని కొండచరియ క్రింద దాదాపు 35,000 ఏండ్ల నాటినుండి సూక్ష్మశిలాపరికరములు దొరికినవి. వ్రేలిగోరంత రాతిపెచ్చులవి. అటువంటి వాటిని కఱ్ఱకో ఎముకకో వరుసగా బంకతో అతికించి ఒకే వాదరగా చేయుట ఆ విద్యలోని కిటుకు. ఒక పెచ్చు మొండిదైనచో దానిని ఊడదీసి మరియొకటి అతికింపవచ్చును. ఇక్కడ పదునుపెట్టుట లేదు, పదునును మార్చుకొనుట ఉన్నది. చిన్న రాయినుండి పొడుగైన అంచు రాబట్టే పొదుపరితనమిది.

ఇనుము వచ్చిన తరువాత కత్తి సంగతి తారుమారైనది. ఇనుపకత్తి పదును తాజా చెకుముకి పెచ్చు పదునుకు సాటిరాదు. కాని అది జారిపడినను పగులదు, మొండిదైనను ఒక రాయి దగ్గరనున్నచో మరల బ్రతుకును. కత్తి రాయిగా ఉండుట పోయి, కత్తికి రాయి తోడైనది. ఆ తోడు ఎంత విలువైనదో నార్వే దేశపు ఐడ్స్‌బోర్గ్ గనులు చెప్పును. అక్కడి సానరాళ్ళు వైకింగుల కాలమునుండి ఉత్తర ఐరోపా రేవులన్నిటికి పోయినవి. ఆ రాళ్ళ సరుకుతో మునిగిపోయిన వేయేండ్ల నాటి ఓడ ఒకటి నార్వే తీరములో బయటపడినది కూడ.

ఇంగ్లండులో సఫోక్ ప్రాంతపు సట్టన్ హూ అనుచోట 1939లో ఒక ఓడసమాధిని త్రవ్వినారు. ఏడవ శతాబ్దారంభపు రాజొకని సమాధి అని పండితుల అభిప్రాయము. బంగారము, శిరస్త్రాణము, వెండిపళ్ళెములు, వాటి నడుమ నాలుగు పలకల పెద్ద సానరాయి! రెండు కొనలందును మనుష్యుల ముఖములు చెక్కినారు. పైన ఒక ఉంగరము, ఆ ఉంగరము మీద నిలిచిన చిన్న కంచు దుప్పి. ఆ దుప్పి వేరొక వస్తువుదని మొదట తలచి, తరువాత ఈ రాతిదే అని నిర్ధారించినారు. ఆ రాతి మీద ఎన్నడును కత్తి నూరిన జాడ లేదు. రాజదండముగా పట్టుకొన్నారని చెప్పుదురు. సామాన్యుని నడుమున వ్రేలాడే సానరాయి రాజు చేతికి ఎట్లు ఎక్కినదో గాని, దానిమీద దుప్పి ఎక్కి నిలుచుట మాకు వింతగా తోచలేదు.

మధ్యయుగాల ఐరోపాలో దుప్పిని కోయుట రాచమర్యాద అయినది. ఫ్రాన్సు దక్షిణమున ఫ్వా సంస్థానాధిపతి గాస్తోఁ ఫెబూస్ 1387లో మొదలుపెట్టి వ్రాయించిన వేటగ్రంథములో ఆ పనికి కూడ తావున్నది. తరువాతి కాలములో ప్రభువుల వేటసరంజామాలో ఒకే ఒరలో పెద్ద నరుకుడుకత్తి, దాని ప్రక్క అరలలో చిన్నకత్తులు ఉండెడివి. ఎముకకు పెద్దది, తోలుకు చిన్నది. పిడికి ఎంత నగిషీ చేసినను పని విభజన ఓట్సీ గొడ్డలి, కత్తులదే.

ఇక ఉక్కు మాట. మన నిజామాబాదు జిల్లా కోనసముద్రములో మూసలలో కరగించి చేసిన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చెడివారు. 1795లో జార్జి పియర్సన్ లండను రాయల్ సొసైటీ ముందు దక్షిణ భారతపు ఉక్కును గురించి వివరించినాడు. అక్కడివారు దానిని వూట్జ్ అనిరి. మన ఉక్కు అను మాటయే అట్లు మారినదని పెక్కుమంది అభిప్రాయము. స్టోడార్ట్ అను లండను కత్తులవ్యాపారి సన్నని వాదర కావలసిన పరికరములకు దీనిని మెచ్చుకొని, మైకేల్ ఫారడేతో కలిసి దాని రహస్యము కనుగొనుటకు 1820 ప్రాంతమున ప్రయోగములు చేసినాడు. అంత బొగ్గుపాలు గల గట్టి ఉక్కు పదునును చాలాసేపు నిలుపును. కాని ఒకమారు పోయినచో తిరిగి తెచ్చుటకు సానమీద ఎక్కువసేపు శ్రమపడవలెను. కోపముతో ఎముకమీద కొట్టినచో అంచు పెచ్చులూడును. మెత్తని ఉక్కు దీనికి విరుద్ధము. అడవిలో ఒకటి రెండు దుప్పులు కోసేవానికి నడిమిరకమే మేలని మా తలంపు.

ఉక్కును నూరే పద్ధతి మన ఇండ్లలోని చాకులకును చెల్లును. మొదట గరుకురాయి, తరువాత నునుపురాయి. అంచుకు ఒక్కొక్క వైపు ఇంచుమించు 20 డిగ్రీల వాలు. దానికన్న పలుచన చేసినచో అంచు తాళదు, మందము చేసినచో తోలు తెగదు. అన్నిటికన్న ముఖ్యము, మొదలుపెట్టిన వాలును చివరిదాకా మార్చకుండుట. ఒకవైపు సరిగా నూరినప్పుడు ఆవలివైపు అంచు వెంబడి సన్నని గరుకు వ్రేలికి తగులును. అది కొననుండి మొదటి వరకు తగిలినప్పుడే కత్తిని త్రిప్పవలెను. చివరకు ఆ గరుకును మంగలి తోలుపట్టా మీద తుడిచినట్లు తుడిచివేయవలెను. మన రైతు నేలకు కూడ పదును అను మాటయే వాడును. అదనుకు ముందు దున్నినను తరువాత దున్నినను మన్ను లొంగదు. సానపట్టేవారి చేతికి కూడ అటువంటి అదను తెలిసి ఉండును. మా పెద్దాయన కన్ను మూసుకొని చప్పుడును బట్టియే కత్తిని త్రిప్పినాడు. నాటకములో మేము వాడుకొన్నది ఆ చప్పుడే.

ఓట్సీ కత్తి, దానిని పదునుపెట్టిన పుల్ల ఇటలీలోని బోల్జానో పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్నవి. కత్తి అలుగు అరిగి చిన్నదైపోయినది. పుల్లలోని దుప్పికొమ్ము మాత్రము చాలావరకు కఱ్ఱ లోపలనే, వాడకుండ మిగిలియున్నది.