కౌడ్రే బొమ్మ, కౌడ్రే శాపం

1545 జూలై 19న ఇంగ్లండు దక్షిణ తీరంలో, పోర్ట్స్‌మత్ దగ్గర, ఎనిమిదో హెన్రీ రాజు చూస్తుండగానే ఆయన యుద్ధనౌక మేరీ రోజ్ మునిగిపోయింది. ఆ దృశ్యాన్ని రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసిన పెద్ద బొమ్మ ఒకటుంది. సముద్రంలో ఫ్రెంచి, ఇంగ్లీషు నౌకలు, ఒడ్డున సైన్యం గుడారాలు, సౌత్‌సీ కోట దగ్గర గుర్రం మీద రాజు. నీళ్ళ మీద రెండు తెరచాప కొయ్యల కొనలు, చుట్టూ తేలుతున్న మనుషులు. మేరీ రోజ్‌లో కనిపించేది అంతే.

రాజు వెనకే గుర్రం మీదున్నది సర్ ఆంథొనీ బ్రౌన్. ససెక్స్‌లోని తన కౌడ్రే భవనం గోడ మీద అసలు చిత్రం వేయించింది ఆయనే. తిరుమలలో కృష్ణదేవరాయలు రాణులతో సహా నిలబడలేదా? డబ్బు పెట్టినవాడికి చోటు దొరుకుతుంది. దాన్ని చూసి గీసిన నకలును జేమ్స్ బాసైర్ చెక్కగా, 1778లో లండన్ పురావస్తు సంఘం ప్రచురించింది. 1793లో భవనం తగలబడి గోడచిత్రం పోయింది. అసలు వోచరు లేనప్పుడు నకలు ఎవరు, ఎప్పుడు తీశారని చూడడం పద్దుల శాఖలో నాకు అలవాటు. ఈ నకలు నిప్పుకు 15 ఏళ్ళ ముందుది, తీసినవారికి ఆ యుద్ధంతో లాభనష్టాలు లేవు.

నిప్పు చుట్టూ ఇంకో కథ అల్లుకుంది. 1538లో బ్యాటిల్ మఠం ఆస్తి బ్రౌన్‌కు దక్కితే, నీ వంశం నిప్పుతో, నీటితో అంతమవుతుందని ఒక సన్యాసి శపించాడట. 1793లోనే వారసుడు రైన్ నదిలో మునిగి చనిపోయాడు కాబట్టి శాపం ఫలించిందట! ఆయన వద్దన్నా వినకుండా ఉధృతమైన ప్రవాహంలో పడవ దింపాడు. నిప్పు వడ్రంగుల గదిలో బొగ్గుల నుంచి లేచిందంటారు. బిరుదు ఆ తరువాత మరో బంధువుకు వెళ్ళింది. 255 ఏళ్ళు ఆగిన శాపం ఏ పెద్ద కుటుంబం మీదైనా ఫలిస్తుంది. ముగింపు నిల్వ చూసుకుని ప్రారంభ నిల్వ రాసుకోవడమే ఇది.

బొమ్మను మాత్రం పరీక్షించవచ్చు. 1982లో ఓడ శిథిలాన్ని పైకి తీశారు. అది కుడిపక్కకు ఒరిగి పడి ఉంది, ఫిరంగి కిటికీలు తెరిచే ఉన్నాయి. మలుపులో ఒరిగి నీళ్ళు చొరబడ్డాయన్న ఇంగ్లీషు కథనానికి ఇది బలం. తమ గుండ్లే ముంచాయని ఫ్రెంచివారు అన్నారు. ఎడమపక్క చాలావరకు సముద్రంలో కుళ్ళిపోయింది కనుక అక్కడ గుండు తగిలిందో లేదో ఆ కొయ్య చెప్పలేదు.